తెలుగుకు ఫ్రెంచి వేషం: పేజ్‌మేకర్ నుంచి వర్డ్‌లోకి వచ్చే దారిలో ఏం జరుగుతుంది?

పుదుచ్చేరి ప్రభుత్వ గెజిట్ నెత్తిన ఒక ఫ్రెంచి పేరు ఉంటుంది: ‘లా గజెట్ ద లెతా ద పుదుషేరి’. ఫ్రెంచి పాలన 1954లో వాస్తవంగా, 1962లో చట్టప్రకారం ముగిసింది కానీ ఆ పేరు మాత్రం పోలేదు. రోమన్ లిపిలో ఆ పేరు రాస్తే రెండు చోట్ల ‘ఈ’ అనే అక్షరం మీద ఏటవాలుగా ఒక గీత పడుతుంది. విండోస్ కంప్యూటర్లు చాలాకాలం వాడిన పశ్చిమ ఐరోపా అక్షర పట్టికలో గీత పడిన ఆ చిన్న అక్షరం సంఖ్య 233. పెద్ద అక్షరానిది 201.

మన డీటీపీ సెంటర్లలో దశాబ్దాల పాటు టైపైన తెలుగు కూడా సరిగ్గా ఇలాంటి సంఖ్యల్లోనే దాక్కుని ఉంది. 128 దాటిన గళ్లు ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ భాషల గీతల అక్షరాలవి. తెలుగు ఫాంట్లు తయారుచేసినవారు ఆ గళ్లలో వత్తులనూ గుడులనూ కొమ్ములనూ కూర్చోబెట్టారు. చాలక, మామూలు ఇంగ్లిషు అక్షరాల గళ్లను కూడా తీసుకున్నారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో అది చక్కని తెలుగు. లేని కంప్యూటర్‌లో టోపీలూ తోకలూ పెట్టుకున్న రోమన్ అక్షరాల గుంపు. చూడ్డానికి ఫ్రెంచిలా ఉంటుంది, ఫ్రెంచి వచ్చినవాడికీ అర్థం కాదు.

ఇది పుదుచ్చేరిలో కూర్చుని ఆలోచించదగిన విషయం, ఆ గెజిట్ పేరు వల్ల మాత్రమే కాదు. ఈ కేంద్రపాలిత ప్రాంతంలో యానాం అనే తెలుగు ఊరుంది. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. చుట్టూ గోదావరి డెల్టా, రాజధాని మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న తమిళ పట్టణం. 1965 నాటి అధికార భాషల చట్టం తమిళానికి ప్రధాన స్థానం ఇస్తూ, యానాంలో తెలుగునూ మాహేలో మలయాళాన్నీ వాడుకోవడానికి వీలు కల్పించింది. చట్టం వీలు కల్పించినంత మాత్రాన కంప్యూటర్ కల్పించదు. యానాంలోనో కాకినాడలోనో అను ఫాంట్‌లో టైపు చేయించిన ఒక తెలుగు వినతిపత్రాన్ని మెయిల్‌లో పంపిస్తే, పుదుచ్చేరిలోని ఆఫీసు కంప్యూటర్ దాన్ని వర్డ్‌లో తెరిచి, తనకు తెలిసిన టైమ్స్ న్యూ రోమన్‌లో చూపిస్తుంది. అప్పుడు కనిపించేది పైన చెప్పిన ఫ్రెంచి వేషమే. చివరికి ఎవరో ఒకరు కాగితం మీద ప్రింటు తెప్పించుకోవాలి, లేదా మొత్తం మళ్లీ టైపు చేయించాలి.

ఒక వినతిపత్రమైతే మళ్లీ టైపు చేసుకోవచ్చు. నాలుగు వందల పేజీల పుస్తకం సంగతి వేరు. 1990ల నుంచి తెలుగులో అచ్చయిన కథా సంపుటాలు, చరిత్రలు, పరిశోధన గ్రంథాలు, సావనీర్లలో చాలా భాగం పేజ్‌మేకర్‌లో, అను స్క్రిప్ట్ మేనేజర్ లేదా శ్రీలిపి లాంటి ప్యాకేజీల ఫాంట్లలో తయారయ్యాయి. చేతిరాత ప్రతి ఎప్పుడో పోయి ఉంటుంది. కొన్ని సందర్భాల్లో రచయితే పోయి ఉంటారు. రెండో ముద్రణకు సవరించాలన్నా, ఎడిటర్‌కు పంపాలన్నా, ఈ-పుస్తకం చేయాలన్నా ఆ పాఠాన్ని పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ నుంచి బయటికి తీసి, వర్డ్‌లోకో లిబ్రె ఆఫీస్‌లోకో తేవాలి. ఆ దారి చిన్నదే. దారిలో పోయేవి మాత్రం చాలా ఉన్నాయి.

అక్షరం కాదు, ఆకారం

ముందుగా అసలు తేడా ఎక్కడుందో చూద్దాం. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు 128 గళ్ల చోటు కేటాయించారు. అదే ఏడాది భారత ప్రమాణాల సంస్థ ఇస్కీ అనే ప్రమాణాన్ని ప్రకటించింది. అంటే తెలుగును అక్షరాలుగా దాచుకునే పద్ధతి కాగితం మీద అప్పటికే ఉంది. కానీ అచ్చు పని చేసేవాళ్లకు కావలసింది ప్రమాణం కాదు, రేపు పొద్దుటికి పేజీ. మామూలు విండోస్ మీద, పేజ్‌మేకర్‌లో, లేజర్ ప్రింటర్ మీద అందంగా పడే తెలుగు కావాలి. విండోస్ తనంతట తాను తెలుగును కూర్చి చూపించడం 2001లో ఎక్స్‌పీ, దాని గౌతమి ఫాంట్‌తో గానీ మొదలవలేదు. ఈలోపు కంపెనీలు ఎవరికి తోచిన దారిలో వాళ్లు ఇంగ్లిషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు పెట్టి ఫాంట్లు చేశాయి. వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. ఆ ఫాంట్లే లేకపోతే ఆ కాలపు తెలుగు పత్రికలూ పుస్తకాలూ అంత చవగ్గా, అంత వేగంగా వచ్చేవి కావు.

అయితే ఆ ఫాంట్లు దాచుకున్నది అక్షరాలను కాదు, ఆకారాలను. ‘స్త్రీ’ అనే ఒక్క మాట తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు సంఖ్యలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘపు గుడి. మనం పలికే వరసే. పాత ఫాంట్‌లో అది కంటికి కనిపించే వరస: ముందు ‘సీ’, ఆ తర్వాత దాని కింద త వత్తు, పక్కన ర వత్తు. పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పరికరం ఒక్కో ముక్కకు ఒక్కో యూనికోడ్ అక్షరం పెట్టి ఊరుకుంటే సరిపోదు, గుడిని వత్తులన్నీ దాటించి చివరికి తీసుకుపోవాలి. అలా తీసుకుపోకపోతే ‘సీ్త్ర’ అవుతుంది. ఇంటర్నెట్‌లో పాత తెలుగు వార్తలు చదివేవారికి ‘మంతి్ర’, ‘శాసి్త్ర’ లాంటి రూపాలు పరిచయమే. అవి టైపిస్టు తప్పులు కావు. దాటవలసిన గుడి దాటకుండా ఆగిపోయిన చోట్లు.

తమిళానికీ ఇదే రోగం, లక్షణం వేరు. తమిళంలో ఎ, ఏ, ఐ గుర్తులు హల్లుకు ఎడమ పక్కన కనిపిస్తాయి, పలకడం మాత్రం తర్వాత. పాత తమిళ ఫాంట్లలో కనిపించిన వరసలోనే దాచేవారు, కాబట్టి మార్చేటప్పుడు అటుదిటు చేయాలి. పుదుచ్చేరి డీటీపీ సెంటర్లో తమిళ పాఠం మార్చడం తెలిసిన ఆపరేటర్‌కు ఈ తెలుగు సమస్య చెబితే వెంటనే అర్థమవుతుంది. ఒక్క తేడా ఉంది. 1999లో చెన్నైలో జరిగిన తమిళ్‌నెట్ సదస్సు తర్వాత తమిళనాడు ప్రభుత్వం ఆ పాత తరహా ఫాంట్లకే టామ్, టాబ్ అనే ఉమ్మడి పట్టికలనూ, తమిళ్ 99 అనే కీబోర్డునూ ప్రకటించింది. 2010లో యూనికోడ్‌ను స్వీకరించింది. అందరూ వాటిని పాటించారని కాదు, కానీ మార్చేవాడికి చేతిలో పట్టుకోవడానికి ఒక పట్టిక దొరికింది. తెలుగులో ఏ కంపెనీ పట్టిక ఆ కంపెనీదే. ఒకే కంపెనీ ఫాంట్లలోనూ, అను 6, అను 7ల లోపలి అమరిక ఒకటి కాదు. అందుకని మార్పిడి మొదలుపెట్టే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఏ ఫాంటు?’ అని మాత్రమే కాదు, ‘ఏ వెర్షను?’ అని కూడా.

సాదా పాఠం అనే ఉచ్చు

ఇక పేజ్‌మేకర్ దగ్గరికి వద్దాం. ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. 2004లో అడోబీ దాని అభివృద్ధి ఆపేసింది. ఇది రాసేవాళ్ల కోసం చేసిన సాఫ్ట్‌వేర్ కాదు, పేజీ మీద పాఠాన్ని అమర్చే వాళ్ల కోసం చేసింది. అందులో పాఠం ‘స్టోరీ’లుగా ఉంటుంది. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు గొలుసుగా పారే పాఠమంతా ఒక స్టోరీ. పేజీ అడుగున విడిగా పెట్టిన ఫుట్‌నోటు, ఫోటో కింది వ్యాఖ్య, అధ్యాయం శీర్షిక వేరే పెట్టెల్లో ఉంటే అవి వేరే స్టోరీలు. బయటికి తీయాలంటే పాఠంలో కర్సర్ పెట్టి ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కాలి. వచ్చేది ఆ ఒక్క స్టోరీయే. పుస్తకం మొత్తం ఎక్స్‌పోర్ట్ చేశామనుకుని సంతోషపడ్డాక ఫుట్‌నోట్లు ఒక్కటీ రాలేదని తెలిసే సందర్భం ఇదే.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఏ రూపంలో అని అడుగుతుంది. సాదా పాఠం, ఆర్‌టీఎఫ్ వగైరా. ఇక్కడ చాలామంది సాదా పాఠం ఎంచుకుంటారు. ఇంగ్లిషు పుస్తకానికైతే అది తెలివైన పనే. పాత ఫాంట్ల తెలుగుకు అది ఉచ్చు.

ఎందుకో చూడండి. సాదా పాఠంలో అక్షరాల సంఖ్యలు మాత్రమే మిగులుతాయి, ఏ ముక్క ఏ ఫాంట్‌లో ఉందన్న సమాచారం ఉండదు. తెలుగు పుస్తకంలో అక్కడక్కడా ఇంగ్లిషు మాటలుంటాయి. రచయితల పేర్లు, గ్రంథాల పేర్లు, పొడి అక్షరాలు, వెబ్ చిరునామాలు. పేజ్‌మేకర్‌లో తెలుగు అను ఫాంట్‌లో, ఇంగ్లిషు టైమ్స్‌లో ఉంది కాబట్టి తేడా తెలిసింది. ఫాంట్ గుర్తు పోయాక రెండూ ఒకే రకం రోమన్ అక్షరాలు. మార్చే పరికరానికి ఏది ఏదో తెలియదు, అన్నిటినీ తెలుగు చేసేస్తుంది. అలా ఒక ఇంగ్లిషు పుస్తకం పేరు అర్థంలేని వత్తుల కుప్పగా మారుతుంది. తెలుగు పాఠంలో తప్పు పడితే సందర్భాన్ని బట్టి పోల్చుకోవచ్చు. ఇది పోల్చుకోలేం, అచ్చు పుస్తకం చూడాల్సిందే. ఇక సాదా పాఠంగా భద్రపరిచే దారిలో కంప్యూటర్ భాషా అమరిక వేరుగా ఉంటే 128 దాటిన సంఖ్యలు కొన్ని ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. అవి ఎప్పటికీ తిరిగి రావు.

ఆర్‌టీఎఫ్‌లో ఫాంట్ పేరు ప్రతి ముక్కతోనూ ప్రయాణిస్తుంది. వర్డ్ దాన్ని తెరిచినప్పుడు, ఆ ఫాంట్ కంప్యూటర్‌లో ఉంటే తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. లేకపోయినా ఫలానా ముక్క ఫలానా ఫాంట్ అన్న గుర్తు మిగులుతుంది. ఫాంట్ పేరు చూసి తెలుగు ముక్కలను మాత్రమే మార్చి, ఇంగ్లిషును ముట్టుకోకుండా వదిలే మాక్రో రాయడం సాధ్యం. మాక్రో చేతకానివారు వర్డ్‌లోని ఫైండ్ పెట్టెలో ఫాంట్ పేరిచ్చి వెతికి, ఇంగ్లిషు ముక్కలన్నిటికీ ముందే ఏదైనా రంగు వేసి ఉంచుకోవచ్చు. పని మందం, ఫలితం నమ్మకం. ఈ వ్యవహారమంతటిలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: అక్షరాల కంటే ముందు కాపాడవలసింది ఫాంట్ పేరును.

ఇంకో ప్రమాదం వర్డ్ వైపు నుంచి ఉంది. పాత ఫాంట్ పాఠం వర్డ్ దృష్టిలో తప్పులతడక ఇంగ్లిషు. దాన్ని బాగుచేయాలని దానికి మహా తహతహ. అందులో మీరు ఏదైనా సవరించబోతే వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది, విడిగా నిలబడ్డ ‘ఐ’ని పెద్ద అక్షరం చేస్తుంది, నిటారు కొటేషన్ గుర్తును వంపు గుర్తుగా మారుస్తుంది. పాత ఫాంట్‌లో చిన్న అక్షరం ఒక తెలుగు ముక్క, పెద్ద అక్షరం వేరొక ముక్క, కొటేషన్ గుర్తు కూడా ఏదో ఒక ముక్క కావచ్చు. వర్డ్ చేసిన ప్రతి ఇంగ్లిషు మర్యాదకూ ఒక తెలుగు అక్షరం బలి. కాబట్టి ఆటోకరెక్ట్ పూర్తిగా ఆపేసిన తర్వాతే ఆ ఫైలును ముట్టుకోవాలి. అంతకంటే మంచిది, యూనికోడ్‌లోకి మారేదాకా అందులో ఒక్క కామా కూడా దిద్దకపోవడం.

మంది, వుంది

మార్పిడి పరికరాలు ఇప్పుడు కొరత లేదు. ఒకప్పుడు నాగార్జున వెన్న చేసిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత తెలుగు పత్రికల సొంత ఫాంట్ల పేజీలను యూనికోడ్‌లో చదివే వీలు కల్పించింది. ఆ తర్వాత అను ఫాంట్లను మార్చే పరికరాలు చాలా వచ్చాయి, కొన్ని ఉచితం. ఏ పరికరం వాడినా మార్పిడి పూర్తయ్యాక వచ్చే పాఠం ముడి సరుకే. దాన్ని ఎడిట్ చేయడం ఒక ప్రత్యేకమైన విద్య, ఎందుకంటే ఇందులో పడే తప్పులు మనిషి చేసే తప్పుల్లా ఉండవు.

అన్నిటికంటే పెద్ద తగాదా ‘మ’తో. ఆకారంలో ‘మ’ అంటే ‘వ’కు కొమ్ము తగిలించినట్టే. కొన్ని ఫాంట్లలో అది నిజంగానే ‘వ’, కొమ్ము అనే రెండు ముక్కల కూర్పు. ‘మ’కు విడిగా మీట ఉన్నా కొందరు ఆపరేటర్లు అలవాటుగా ఈ రెండూ కలిపి కొట్టేస్తారు, కాగితం మీద తేడా కనపడదు కాబట్టి. పరికరం మాత్రం చూసింది చూసినట్టు మారుస్తుంది. ‘మంత్రి’ ‘వుంత్రి’ అవుతాడు, ‘సమావేశం’ ‘సవూవేశం’ అవుతుంది, ‘మీరు’ ‘విూరు’, ‘ముఖ్య’ ‘వుుఖ్య’, ‘ఆమె’ ‘ఆవెు’. ‘య’కూ ఇదే గతి: ‘యాత్ర’ ‘యూత్ర’గా బయల్దేరుతుంది. ‘సంఘం’ ‘సంఫుం’ అవుతుంది. ‘ఝాన్సీ’ ‘రుుాన్సీ’ అవుతుంది.

చూడగానే తోచే ఉపాయం, వర్డ్‌లో ‘వు’ను వెతికి అన్నిచోట్లా ‘మ’ పెట్టేయడం. చేసి చూస్తే ‘అవుతుంది’ ‘అమతుంది’ అవుతుంది, ‘ఆవు’ ‘ఆమ’ అవుతుంది. ‘వుంది’ అని రాసే రచయిత అయితే ఇంకా చిక్కు. ‘వుంది’ అని కనిపించిన చోట అసలు మాట ‘ఉంది’ అర్థంలో ‘వుంది’యా, లేక ‘వందమంది’లోని ‘మంది’యా? వాక్యం చదవకుండా ఎవరూ చెప్పలేరు, కంప్యూటర్ అసలే చెప్పలేదు.

కానీ ఇక్కడ తెలుగు వ్యాకరణమే ఒక సాయం చేస్తుంది. తెలుగులో ఒక హల్లు మీద రెండు గుణింతపు గుర్తులు ఉండవు. ‘వుు’, ‘విు’, ‘విూ’, ‘వెు’, ‘వెూ’ అనేవి ఏ తెలుగు మాటలోనూ సహజంగా రాలేవు. కాబట్టి వాటిని వరసగా ‘ము’, ‘మి’, ‘మీ’, ‘మె’, ‘మో’గా నిశ్చింతగా ఒక్క దెబ్బతో మార్చేయవచ్చు. ‘రుుా’ను ‘ఝా’ చేయడం కూడా అంతే. వీటిలోనూ పెద్ద గుంపులను ముందు మార్చాలి, చిన్నవి తర్వాత. ‘మొ’ అనే అక్షరం ‘వెుు’గా వచ్చి ఉంటే, ముందే ‘వెు’ను ‘మె’ చేసేస్తే ‘మెు’ అనే కొత్త వింత పుడుతుంది. ఇక మిగిలేవి ఒకే గుర్తు ఉన్న ‘వు’, ‘వూ’. ‘వూరు’, ‘మారు’ తేడా అక్కడుంది. ఇవి ఒక్కొక్కటీ కంటితో చూసి నిర్ణయించాలి. వర్డ్ ఒక్కో చోటా ఆగి అడిగేలా చేసుకుని, అవునంటే మార్చడం, కాదంటే ముందుకు పోవడం. పెద్ద పుస్తకానికి ఇది రెండు మూడు రోజుల పని, విసుగు పుట్టించే పని. ఇది మానేసి అచ్చుకు పంపితే రెండో ముద్రణలో రచయిత ఎన్నడూ రాయని మాటలు ఆయన పేరు మీద చలామణి అవుతాయి. పాఠకులకు అది టైపు తప్పుగా కూడా అనిపించకపోవచ్చు, ‘మారు’ ఉండాల్సిన చోట ‘వూరు’ పడితే వాక్యం కొన్నిసార్లు నడిచిపోతుంది కాబట్టి.

పొల్లు ఇంకో చోటు. పాత ఫాంట్‌లో పొల్లు ఒక ఆకారం మాత్రమే, పక్క అక్షరంతో దానికి పని లేదు. యూనికోడ్‌లో పొల్లు పక్క హల్లును వత్తుగా లాగేసుకుంటుంది. అందుకే ‘సాఫ్ట్‌వేర్’ అని విడిగా ఉండాల్సింది మార్పిడి తర్వాత ‘సాఫ్ట్వేర్’ అని అతుక్కుంటుంది. విడిగా ఉంచడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. మంచి పరికరాలు దాన్ని తామే పెడతాయి. అయితే ఆ కనిపించని గుర్తు ఉన్న మాట, లేని మాట వెతుకులాటలో ఒకటిగా దొరకకపోవచ్చు. పుస్తకం చివర పద సూచిక తయారుచేసేటప్పుడు ఇది బయటపడుతుంది.

వెతికి మార్చడం గురించి ఇంకొక్క మాట, ఇది ఫాంట్లకు సంబంధించింది కాదు. ఈ ఊరి పేరు ఇంగ్లిషులో అధికారికంగా పుదుచ్చేరిగా మారింది 2006లో. పాత పుస్తకాన్ని కొత్తగా ఎడిట్ చేస్తున్నవారికి ‘పాండిచ్చేరి’ని అన్నిచోట్లా ‘పుదుచ్చేరి’ చేసేయాలనిపిస్తుంది. చేస్తే 1985లో ఏర్పడి నేటికీ అదే పేరుతో ఉన్న పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పేరు మారిపోతుంది, పాత ఉత్తరాల్లోని మాటలు మారిపోతాయి, ఫ్రెంచి కాలపు పత్రాల శీర్షికలు మారిపోతాయి. ‘అన్నీ మార్చు’ అనే బటన్ ఎడిటర్ చేతిలో అతి ప్రమాదకరమైన వస్తువు.

పేజీ కోసం చేసిన గాయాలు

మిగతావి చిన్న చిన్న గాయాలు, పేజీ అందం కోసం చేసినవి. పాఠం పెట్టెలో ఇమడడానికి ఆపరేటర్ పంక్తి చివర ఎంటర్ కొట్టి ఉంటాడు. మాటను విరిచి చేత్తో హైఫన్ పెట్టి ఉంటాడు. పట్టికలను స్పేస్‌బార్‌తో నెట్టి నిలబెట్టి ఉంటాడు. వర్డ్‌లోకి వచ్చాక పేజీ వెడల్పు మారుతుంది కాబట్టి వాక్యాలు మధ్యలో తెగుతాయి, హైఫన్లు పంక్తి నడుమకు వస్తాయి. పద్యాలుంటే జాగ్రత్త ఎక్కువ కావాలి, అక్కడ ఎంటర్ అనేది గాయం కాదు, పాదం ముగింపు. ఎంటర్లన్నీ ఒక్కసారిగా తీసేస్తే పద్యం వచనమైపోతుంది. ముందే పద్యాలకు ఒక స్టయిల్ పేరు పెట్టి పక్కకు పెట్టుకోవడం మేలు.

ప్రూఫు చూడడం మాత్రం తెర మీద కాదు, అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని. ఒకరు పాత పుస్తకం పైకి చదువుతుంటే ఇంకొకరు కొత్త పాఠం చూడడం అనే పాత ప్రెస్సు పద్ధతికి ఇప్పటికీ సాటి లేదు. పేర్లు, తేదీలు, అంకెలు, ఉటంకింపులు రెండుసార్లు.

సవరించిన వర్డ్ ఫైలు మళ్లీ పేజీల్లోకి వెళ్లాలి. ఇక్కడ పరిస్థితి మెరుగైంది. 2012లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్ 6 నుంచి తెలుగు యూనికోడ్‌ను అది సరిగ్గా కూర్చగలదు, వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకుంటే. ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి, అది చూసి ‘యూనికోడ్ అచ్చుకు పనికిరాదు’ అని తీర్మానించిన ప్రెస్సులున్నాయి. మండలి, సురన్న, రామభద్ర, పెద్దన లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా అను ఫాంట్ల వైవిధ్యం, వాటి మీద ఆపరేటర్ల వేగం ఎక్కువని చాలా ప్రెస్సులు అక్కడే ఉన్నాయి. వాళ్లతో వాదించి లాభం లేదు. యూనికోడ్ వర్డ్ ఫైలునే మాతృకగా పెట్టుకుని, దాని నుంచి చివరి నిమిషంలో అనులోకి మార్చి ఇవ్వవచ్చు. దాంతో వచ్చే చిక్కు వేరు: ఆ తర్వాత ప్రెస్సులో, చివరి ప్రూఫుల్లో చేసిన దిద్దుబాట్లు పేజ్‌మేకర్ ఫైల్లోనే ఉండిపోతాయి, మాతృకలోకి రావు. మూడో ముద్రణ నాటికి పాత తప్పులు తిరిగి లేస్తాయి. ప్రూఫు కాగితాలు పారేయకుండా ఇంటికి తెచ్చుకుని, అదే రోజు మాతృకలో కూడా దిద్దుకోవడం తప్ప దీనికి మందు లేదు.

ఫైలు లేక పుస్తకం మాత్రమే ఉన్నవారికి స్కాన్ చేసి గూగుల్ డాక్స్‌లో తెరిచి పాఠాన్ని రాబట్టే దారి ఉంది. శుభ్రమైన అచ్చుకు ఫలితం ఆశ్చర్యపరిచేంత బాగుంటుంది. చెడ్డ మార్పిడి పాఠం దిద్దడం కంటే మంచి స్కాన్ పాఠం దిద్దడమే కొన్నిసార్లు తేలిక. పాత ఫాంట్‌తో చేసిన పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే మాత్రం మళ్లీ ఆ ఫ్రెంచి వేషమే వస్తుంది.

ఫైళ్లు ఉన్నవారికి తొందర ఉంది. ఇన్‌డిజైన్ సీఎస్ 6 వరకు వచ్చిన వెర్షన్లు పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లను తెరిచేవి. ఆ తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు తెరవవు. పాత తెలుగు ప్యాకేజీల్లో కొన్ని డాంగిల్ అనే తాళం ముక్క గుచ్చితే గానీ పనిచేసేవి కావు, ఆ ముక్కలు పోతున్నాయి, అవి గుచ్చే పోర్టులున్న కంప్యూటర్లు తుక్కుకు పోతున్నాయి. మీ పుస్తకాన్ని పదిహేనేళ్ల కింద కంపోజ్ చేసిన సెంటర్ ఇంకా తెరిచే ఉంటే, ఆ పాత కంప్యూటర్ ఇంకా మూలన నడుస్తుంటే, వెళ్లి అడగవలసినవి మూడు: పీఎండీ ఫైలు, ప్రతి స్టోరీకీ విడిగా ఆర్‌టీఎఫ్, వాడిన ఫాంట్ల పేర్లూ వెర్షనూ రాసిన ఒక చీటీ. ఆపరేటర్‌కు ఒక పూట పని. ఆ పూటకు కూలి ఇచ్చి చేయించుకోవచ్చు.